చివరి చుక్క

హల్‌లో టెలిఫోన్ బూత్‌లు మీగడ రంగువి.
దేశమంతా ఎర్రగా ఉంటే ఉండనీ,
ఈ ఊరికి తన తీగలంటే మొదట్నుంచీ కొంచెం పౌరుషం.
అలాంటి బూత్ ఒకటి కనపడే రెండో అంతస్తులో
పేరు చెబితే చిరునామా చెప్పే యంత్రాలకు
నేను ఆజ్ఞలు రాస్తాను.
రాస్తానంటే, ఎక్కువగా కొట్టేస్తాను.

మార్చిలో ఒక రాత్రి రెండుంపావుకి
మోరీన్ ఓగ్డెన్ 'సెట్' అని కొట్టింది.
రేవు పడవల ఆఫీసుకి ఇంకో మెయిల్ సర్వర్ చేర్చాలని.
ఉన్న రెండూ పోయి కొత్తదొక్కటే మిగిలింది.
ఆ కొత్తది ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.
నిమిషంలో సరిదిద్దింది. లోకం సరిదిద్దుకోలేదు.
మూడువేల ఆరువందల సెకన్లు గుర్తుపెట్టుకోమని
చెప్పింది మేమే కదా,
తప్పును కూడా అంతే విశ్వాసంగా గుర్తుపెట్టుకుంది.

"నాదే తప్పు" అంది, కప్పు రెండు చేతుల్తో పట్టుకుని.
కాదు, మాటది.
మా భాషలో 'పెట్టు' అనే ఒక్క క్రియ
అన్నం పెడుతుంది, పేరు పెడుతుంది, తాళం పెడుతుంది,
పేచీ పెడుతుంది, పొగ పెడుతుంది.
ఇంట్లోవాళ్ళు మొహం చూసి ఏ పెట్టో పోల్చుకుంటారు.
యంత్రానికి మన మొహం కనపడదు.
ఆ వారమే సెట్‌ని ఉద్యోగంలోంచి తీసేశాను.
చేర్చడానికి చేర్చు, మార్చడానికి మార్చు.
తీసెయ్ మాత్రం
ఏ ఒక్కటో పూర్తిగా చెబితేగాని కదలదు.

ఇక రికార్డుల సంగతి.
అంకె అంకె అంకె పేరు, ఇన్నాళ్ళూ ఒకటే వరుస,
కరణాల గొలుసుకట్టులాగా
ఏది ఎక్కడ తెగుతుందో రాసినవాడికే ఎరుక.
విడదీశాను.
ప్రాధాన్యానికో గడి, బరువుకో గడి,
పోర్టుకొకటి, చేరాల్సిన చోటుకొకటి.
బరువు గడిలో ఊరిపేరు రాస్తే అక్కడే ఆపుతుంది.
"ఇంత వాగుడా?" అన్నాడు గారెత్ ప్రిచర్డ్.
మోరీన్ అతనివైపే:
"అర్ధరాత్రి పనిచేసేది నా తల కాదు, నా వేళ్ళు."
రెండు రోజుల పని వెనక్కి తీసుకుని
వేళ్ళ కోసం పొట్టి దారి కూడా వేశాను.

ప్రతి ఆజ్ఞ చివరా 'సరేనా?' అని అడిగించాను.
గొప్పగా ఉందనుకున్నాను.
"అన్నిటికీ సరేనా అంటే
చదవకుండానే సరే అంటాం. ముప్పైయేళ్ళుగా
మా ఆయనతో నేను చేస్తున్నది అదే."
ఇప్పుడు ఒక్కచోటే అడుగుతుంది:
పోయేది ఆఖరిదైనప్పుడు.
మిగతావాటికి ముందూ తర్వాతా
రెండు వరుసలుగా చూపించి ఊరుకుంటుంది.

ఒక్కటి తేలలేదు.
మా వైపు ఇంటిపేరు ముందు, మనిషి తర్వాత.
ఇక్కడ చేరిన రోజున ఫారంలో
పసుపులేటి వెనక్కి వెళ్ళి కూచుంది.
ఈ రికార్డుల్లోనూ అంతే, ముందు పేరు, వెనక ఇల్లు,
ఇంటికీ వెనక, అన్నిటికీ వెనక,
ఎవరూ రాయని ఒక చుక్క.
రాయాల్సిన చోట అది మరిస్తే
ఊరిపేరు రెండోసారి తగులుకుంటుంది,
అబద్ధమాడేవాడు రెండుసార్లు ఒట్టేసినట్టు.
చుక్కను ఆజ్ఞే పెట్టుకోవాలా, మనిషే పెట్టాలా?
గారెత్ ఒకటంటాడు. మోరీన్ ఇంకోటంటుంది.
నేను పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా.

పదకొండింటికి దీపాలార్పి దిగాను.
హంబర్ మీంచి బురద వాసన, సన్నటి జల్లు.
మబ్బు. పైన ఒక్క చుక్క లేదు.
ఉందనుకునే బస్టాపు దాకా నడిచాను.